స్వింగ్ జోలికి పోకుండా గోల్ఫ్ మెరుగుపరుచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ స్వింగ్, అంటే బంతిని కొట్టడానికి క్లబ్ (కర్ర) ఊపే తీరు, నేర్పదు. గ్రిప్ ఎలా పట్టాలి, నడుము ఎంత తిప్పాలి అన్నవి కోచ్ చూసుకునే సంగతులు. రేంజ్‌లో (సాధన చేసే చోట) బుద్ధిగా వెళ్లే బంతి కోర్సులోకి రాగానే ఎందుకు మొండికేస్తుందో తెలియక తల పట్టుకునేవాళ్లు అడిగే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. నేను కోచ్‌ని కాను, సైకాలజిస్టునూ కాను. ఇరవై ఏళ్లుగా ఆడుతున్నాను. అందులో మొదటి పన్నెండేళ్లు తప్పంతా నా మణికట్టుదేనని నమ్మాను.

స్వింగ్ మార్చకుండా స్కోరు నిజంగా తగ్గుతుందా?

తగ్గుతుంది, కానీ ఒక హద్దు వరకే. ముందు చిన్న లెక్క చూడండి. 90 షాట్లలో రౌండు ముగించే ఆటగాడు ఒక్కో షాట్‌కి క్లబ్ ఊపేది మహా అయితే రెండు సెకన్లు. అంతా కలిపితే మూడు నిమిషాలు. రౌండు మాత్రం నాలుగు గంటలు పడుతుంది. మిగతాదంతా నడక, ఎదురుచూపు, ఆలోచన. పోయిన షాట్‌ని తిట్టుకోవడం, రాబోయేదానికి భయపడటం, ఏ క్లబ్ తీయాలో తేల్చుకోలేకపోవడం అన్నీ ఆ సమయంలోనే.

మీ సంగతేమిటో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. రేంజ్‌లో సెవెన్ ఐరన్‌తో (మధ్యస్థ దూరాలకు వాడే క్లబ్) పది బంతులు కొట్టి, అనుకున్న వైపు ఎన్ని వెళ్లాయో రాసుకోండి. తర్వాత నాలుగైదు రౌండ్లలో అదే క్లబ్‌తో కొట్టిన షాట్లను కూడా అలాగే రాసుకోండి. అక్కడ పదికి ఏడు, ఇక్కడ పదికి నాలుగు వస్తే, ఆ తేడాలో కొంత గాలిది, కొంత ఎగుడుదిగుడు నేలది, మిగిలింది తలలోది. ఆ మిగిలినదాని గురించే ఈ పేజీ. రెండు చోట్లా పదికి మూడే వస్తుంటే మొహమాటం లేకుండా చెబుతున్నా, ముందు కోచ్ దగ్గరకు వెళ్లండి.

మనసు ఖాళీగా ఉంచుకోమంటారు. నావల్ల కావడం లేదు. ఏం చేయాలి?

ఎవరివల్లా కాదు, దిగులుపడకండి. మందు తాగేటప్పుడు కోతిని తలచుకోవద్దన్న వైద్యుడి కథ మనకు తెలిసిందే. 1987లో డేనియల్ వెగ్నర్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ దాదాపు అదే పని చేసి చూశాడు. కోతికి బదులు తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దన్నాడు. వద్దన్నకొద్దీ అదే గుర్తొచ్చింది. 1998లో ఆయన బృందం పటింగ్ (గుంత దగ్గరి పచ్చిక మీద బంతిని మెల్లగా దొర్లించడం) మీద కూడా ఇదే పరీక్షించింది. బంతిని గురి దాటించవద్దని చెప్పి, అదే సమయంలో ఒక సంఖ్యను గుర్తుపెట్టుకోమంటే, వద్దన్నట్టుగానే దాటించేశారు.

కోర్సులో మనం రోజూ చేసేది ఇదే. ‘ఎడమవైపు నీళ్లున్నాయి, అటు మాత్రం వద్దు’ అనుకుంటూ నిలబడతాం. మనసు పట్టుకునేది ‘ఎడమ’, ‘నీళ్లు’. ‘వద్దు’ అన్న మాట గాలికి పోతుంది. అందుకే మనసును ఖాళీ చేయాలని చూడకండి, దానికో పని అప్పజెప్పండి. ‘బంకర్ (ఇసుక గుంట) కుడి అంచు వెనక ఉన్న ఆ పొడుగు చెట్టు మీదుగా’ అన్నది పని. గురి ఎంత చిన్నదైతే పని అంత బాగా జరుగుతుంది. ‘ఫెయిర్‌వే (కురచ గడ్డి దారి) మధ్యలో’ అనేకంటే ‘ఆ చెట్టు చిటారు కొమ్మ’ అనడం మేలు.

షాట్‌కి ముందు రొటీన్ ఎలా ఉండాలి?

బంతికి నాలుగడుగుల వెనక నేల మీద ఒక గీత ఉందనుకోండి. గీతకు ఇవతల ఉన్నంతసేపు ఎంతైనా ఆలోచించుకోవచ్చు. దూరమెంత, గాలి ఎటు వీస్తోంది, బంతి ఎలాంటి గడ్డిలో కూర్చుంది, ఎటు తప్పినా ఫర్వాలేదు, ఎటు తప్పితే కొంప మునుగుతుంది, ఏ క్లబ్ తీయాలి. గీత దాటాక లెక్కలు బంద్. గురి చూడటం, కొట్టడం, అంతే. ఈ రెండు గదుల పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చింది స్వీడన్ కోచ్ పియా నీల్సన్, ఆమె అమెరికన్ సహచరి లిన్ మారియట్. 2001లో మహిళల ప్రొఫెషనల్ టూర్ అయిన ఎల్‌పీజీఏలో ఒక రౌండుని 59 షాట్లలో ముగించిన అనికా సోరెన్‌స్టామ్ మీద నీల్సన్ ప్రభావం చాలా ఉంది.

నా రొటీన్ చెబుతాను, కాపీ కొట్టమని కాదు. బంతి వెనక నిలబడి క్లబ్‌ని గురి వైపు చాపుతాను. ‘ఇదే షాట్’ అని లోలోపల ఒక్క ముక్కలో చెప్పుకుంటాను, ఉదాహరణకు ‘గ్రీన్ మధ్యకి, ఎత్తుగా’ (గ్రీన్ అంటే కప్పు అనే గుంత ఉండే నున్నటి పచ్చిక). ఒకసారి పొడుగ్గా ఊపిరి వదులుతాను. గీత దాటి నిలబడి, గురిని రెండుసార్లు చూసి, రెండోసారి తల తిప్పగానే కొట్టేస్తాను. గీత దాటిన దగ్గర్నుంచి పది సెకన్లు దాటదు. బంతి మీద వాలి నిలబడే సమయం పెరిగేకొద్దీ సందేహాలు ఒక్కొక్కటే తలుపు తడతాయి, అందుకే ఈ తొందర.

మీ రొటీన్‌లో ఏముందన్నది పెద్ద విషయం కాదు. రెండడుగుల పట్‌కీ, చివరి హోల్ మొదలుపెట్టే టీ షాట్‌కీ అది ఒకేలా నడవాలి.

ఇక అసలైన కష్టం. గీత దాటాక ‘ఇంకో క్లబ్ తీయాల్సిందేమో’ అనిపిస్తే? వెనక్కి రావాలి. మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టాలి. చెప్పినంత సులువు కాదిది, పక్కన ముగ్గురు చూస్తుంటే సిగ్గేస్తుంది. ఆ సిగ్గుకు పోయి నేను నీళ్లలోకి కొట్టిన బంతులన్నీ ఏరితే ఒక బకెట్ నిండుతుంది.

ఇలా చేస్తే ఆట నెమ్మదించదా?

నెమ్మదించదు. 2019లో మారిన రూల్స్ ప్రకారం మీ వంతు వచ్చి, అడ్డేమీ లేనప్పుడు 40 సెకన్లలోపు కొట్టేయడం మంచిది. పైన చెప్పిన రొటీన్ అందులో సగంలో అయిపోతుంది. నెమ్మదిగా ఆడేవాళ్లలో చాలామంది ఆలోచన ఎక్కువై కాదు, తమ వంతు వచ్చేదాకా అసలు ఆలోచించకే ఆలస్యం చేస్తారు. దూరం, గాలి అన్నీ నడుస్తూనే చూసుకోవచ్చు.

కొట్టే క్షణంలో దేని మీద ధ్యాస పెట్టాలి?

మీ శరీరం మీద కాకుండా, బంతి వెళ్లాల్సిన దారి మీదో, క్లబ్ చేసే పని మీదో పెట్టండి. గాబ్రియేలె వుల్ఫ్ అనే పరిశోధకురాలు 1990ల చివరినుంచి దీని మీద పనిచేశారు. గోల్ఫ్ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లలో చేతుల కదలిక మీద ధ్యాస పెట్టినవాళ్లకంటే క్లబ్ కదలిక మీద ధ్యాస పెట్టినవాళ్లు గురికి దగ్గరగా కొట్టారు.

అలవాటైపోయిన పనిని విడదీసి చూడబోతే అది చెడిపోతుంది. మెట్లు దిగుతూ ‘ఇప్పుడు ఏ కాలు వేస్తున్నాను’ అని చూసుకోండి, తెలుస్తుంది. అనుభవమున్న ఆటగాళ్లు పట్ కొట్టే ముందు తమ కదలికలను గమనించుకుంటే ఆట చెడుతుందని అమెరికన్ సైకాలజిస్ట్ సియన్ బైలాక్ పరిశోధనలు చూపించాయి. టెన్షన్‌లో మనం చేసేది సరిగ్గా ఆ పనే. ఎప్పుడూ అడగనిది, ఆ ఒక్క పట్ ముందు మాత్రం మోచేతిని ‘ఏం చేస్తున్నావు’ అని నిలదీస్తాం.

మరి కోచ్ చెప్పినవన్నీ ఏం చేయాలంటే, వాటి చోటు రేంజ్. కోర్సులోకి ఒక్క మాట తెచ్చుకోండి, అది కూడా లయ గురించి అయితే మంచిది. నాది ‘నిదానం’. మూడు నెలలు పనిచేశాక పాతబడిపోతుంది, అప్పుడు ఇంకోటి వెతుక్కుంటాను.

మొదటి టీ దగ్గర చేతులు వణుకుతాయి. పోగొట్టుకోవడం ఎలా?

పోగొట్టుకోవాలని చూడటమే పొరపాటు. టూర్ ఆటగాళ్లకూ వణుకు ఉంటుంది. గుండె వేగాన్ని, చేతుల వణుకును తగ్గించే బీటా బ్లాకర్ మందులను విలువిద్య, షూటింగ్ లాంటి వాటితో పాటు గోల్ఫ్ పోటీల్లోనూ నిషేధించారంటే, ఆ వణుకుకు ఈ ఆటలో ఎంత విలువుందో చూడండి. (డాక్టర్ రాసిన మందు వాడుతున్నవాళ్లు ఇది చదివి మానేయకండి. ఆ నిషేధం డోపింగ్ పరీక్షలుండే పోటీలకు.)

వణుకు ఉండగానే ఆడటానికి నాకు పనికొచ్చినవి మూడు. ఒకటి, ఊపిరి. పీల్చినదానికంటే వదిలేది పొడుగ్గా ఉండాలి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు అంకెలు వదలడం. ఊపిరి వదిలేటప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుంది, అది శరీరధర్మం. రెండు, గ్రిప్. టెన్షన్‌కి చేతులు బిగుసుకుంటాయి, ముంజేతులు కర్రల్లా అవుతాయి. క్లబ్‌ని కావాలని గట్టిగా పిండి, తర్వాత సగానికి వదలండి. ఊరికే ‘వదులుగా పట్టుకో’ అనుకుంటే చేతులు వినవు. మూడు, డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) మీద నమ్మకం లేని రోజు డ్రైవర్ తీయకండి. మొదటి టీ దగ్గర డ్రైవరే కొట్టాలని ఏ రూల్ బుక్కులోనూ లేదు.

మీ మొదటి షాట్‌ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. వాళ్లు తమ షాట్ ఎక్కడికి పోతుందోనన్న బెంగలో ఉంటారు. మీరూ అంతే కదా?

షాట్‌ని ఊహించుకోమంటారు, నాకు కళ్ల ముందు ఏ బొమ్మా రాదు.

కొంతమందికి రాదు, దాంట్లో తప్పేం లేదు. అమెరికన్ దిగ్గజం జాక్ నిక్లాస్ బంతి ఎలా ఎగిరి ఎక్కడ పడుతుందో ముందే మనసులో చూసుకునేవాడు. అది ఆయన తీరు. అదే నిక్లాస్‌కి ఇంకో అలవాటు ఉండేది, అది బొమ్మలు రానివాళ్లకు మరీ పనికొస్తుంది. బంతికీ గురికీ మధ్య, బంతికి కొన్ని అడుగుల ముందు, ఒక ఎండుటాకో పచ్చిక మీది మచ్చో చూసుకుని దాని మీదుగా క్లబ్‌ని సరిచేసుకునేవాడు. దీనికి ఊహ అక్కర్లేదు, కళ్లుంటే చాలు. లేదంటే మాటలు వాడండి, లేదా ఆ షాట్‌కి సరిపడా ఊపుని ఒకసారి ప్రాక్టీస్ స్వింగ్‌లో చేతులకు చూపించండి.

ఒక్క చెడ్డ షాట్‌తో రౌండంతా పోతుంది. కోపాన్ని ఎలా ఆపాలి?

అన్నిటికంటే ఎక్కువమంది అడిగేది ఇదే, కాబట్టి కొంచెం నిలబడదాం.

కోపం రాకూడదని ఎవరూ అనరు. అమెరికన్ ఆటగాడు బాబీ జోన్స్ కుర్రతనంలో క్లబ్బులు విసిరేవాడు. 1921 బ్రిటిష్ ఓపెన్‌లో సెయింట్ ఆండ్రూస్‌లో మూడో రౌండు చెడిపోతుంటే బంతి చేతిలోకి తీసుకుని పోటీనుంచి తప్పుకున్నాడు. అదే మనిషి 1930లో ఆనాటి నాలుగు పెద్ద టైటిళ్లూ ఒకే ఏడాదిలో గెలిచాడు. కోపిష్ఠిగా పుట్టడం శాపం కాదన్నమాట.

కోపానికి ఒక చోటు, ఒక ముగింపు పెట్టండి. టైగర్ వుడ్స్ చిన్నప్పటినుంచీ పది అడుగుల లెక్క పాటించాడని చెబుతారు. పది అడుగులు వేసేలోపు ఎంతైనా తిట్టుకో, పదకొండో అడుగునుంచి తర్వాతి షాట్. నేను క్లబ్‌ని బ్యాగ్‌లో పెట్టే క్షణాన్ని గుర్తుగా పెట్టుకున్నాను. క్లబ్ చేతిలో ఉన్నంతసేపు తిట్టుకుంటాను, బ్యాగ్‌లోకి వెళ్లాక ఆ షాట్ కూడా వెళ్లిపోయినట్టే. మొదట్లో క్లబ్‌ని అర ఫర్లాంగు దూరం చేతిలోనే మోసేవాణ్ణి.

తిట్టుకునే తీరు కూడా చూసుకోవాలి. ‘నేను దద్దమ్మని’ అన్నది తీర్పు. ‘ఒక మెట్టు తక్కువ దూరం వెళ్లే క్లబ్ తీశాను, ఎదురుగాలి చూసుకోలేదు’ అన్నది సమాచారం. రెండోదాంతో ఏదైనా చేయొచ్చు, మొదటిదాంతో బాధపడటం తప్ప చేసేదేమీ లేదు.

చెడ్డ షాట్ వల్ల పోయేది ఒక స్ట్రోకే. దాన్ని అక్కడికక్కడే తిరిగి రాబట్టుకోవాలన్న ఆత్రం వల్ల పోయేవి మూడు. 1999 బ్రిటిష్ ఓపెన్, కార్నూస్టీ, చివరి హోల్. ఫ్రాన్స్ ఆటగాడు జాన్ వాన్ డె వెల్డ్‌కి మూడు షాట్ల ఆధిక్యం ఉంది, డబుల్ బోగీ (ఆ హోల్‌కి నిర్ణయించిన షాట్లకంటే, అంటే పార్‌కంటే, రెండు ఎక్కువ) చేసినా ట్రోఫీ అతనిదే. డ్రైవర్ తీశాడు, బంతి కుడివైపుకి పోయింది, అయినా ప్రమాదం తప్పింది. వెనక్కి తగ్గి చిన్న షాట్ ఆడితే సరిపోయేది. గ్రీన్ వైపే కొట్టాడు. బంతి ప్రేక్షకుల గ్యాలరీకి తగిలి దట్టమైన గడ్డిలో పడింది, అక్కడినుంచి వాగులోకి. బూట్లు, మేజోళ్లు విప్పేసి నీళ్లలోకి దిగి నిలబడ్డాడు. చివరికి ఆ హోల్‌లో ఏడు షాట్లు, ప్లేఆఫ్ (స్కోరు సమానమైనవాళ్ల మధ్య అదనపు ఆట), ఓటమి. అందరూ నీళ్లలో నిలబడ్డ ఫొటోనే గుర్తుపెట్టుకున్నారు. ప్లేఆఫ్‌లోకి చేర్చిన ఆ చివరి పట్ ఆరేడడుగులుంటుంది, అంత జరిగాక కూడా అది లోపల వేశాడు. అతని చేతులు పనిచేశాయి, నిర్ణయాలే దెబ్బకొట్టాయి.

ఇక అమెరికాలో జరిగే పెద్ద పోటీ, 2025 మాస్టర్స్. ఆఖరి రోజు రెండు షాట్ల ఆధిక్యంతో దిగిన రోరీ మెక్‌ఇల్రాయ్ మొదటి హోల్‌లోనే డబుల్ బోగీ చేశాడు. ఆధిక్యం హుష్‌కాకి. పదమూడో హోల్‌లో ఇంకో డబుల్ బోగీ. పద్దెనిమిదో హోల్‌లో చిన్న పట్ తప్పి ప్లేఆఫ్‌కి వెళ్లాల్సొచ్చింది. అక్కడ జస్టిన్ రోజ్‌ని మొదటి హోల్‌లోనే బర్డీతో (పార్‌కంటే ఒకటి తక్కువ) ఓడించాడు. 2011లో ఇదే మైదానంలో ఆఖరి రోజు నాలుగు షాట్ల ఆధిక్యంతో మొదలుపెట్టి 80 కొట్టి ఓడిపోయిన మనిషి ఇతనే.

రిస్క్ ఎప్పుడు తీసుకోవాలి?

నాదొక్కటే లెక్క: ‘ఈ షాట్ పదిసార్లు కొడితే ఏడుసార్లు వస్తుందా?’ రాకపోతే ఆడను. ‘ఒకసారి కొట్టాను కదా’ అన్న జ్ఞాపకం మోసగత్తె, ఆ ఒక్కదాన్నే చూపించి మిగతా తొమ్మిదిని దాచేస్తుంది. పీజీఏ టూర్ (అమెరికా ప్రొఫెషనల్) ఆటగాళ్లే సగటున 18 గ్రీన్లలో 12 దాకా మాత్రమే సకాలంలో, అంటే పార్‌కి రెండు షాట్లు మిగిలి ఉండగా, అందుకుంటారు. మనం ప్రతిసారీ జెండాకే గురిపెట్టడం కొంచెం అతి. గ్రీన్ మధ్యకి కొట్టండి.

మూడడుగుల పట్‌లు ఎందుకు తప్పుతాయి?

రెండు కారణాలు. మొదటిది, ఫలితాన్ని చూడాలన్న తొందర. బంతి వెళ్లకముందే తల లేస్తుంది, తలతో పాటు భుజమూ. కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన జోన్ విక్కర్స్ ఆటగాళ్ల కంటిచూపు మీద పరిశోధించారు. బాగా పట్ కొట్టేవాళ్లు కొట్టే ముందు బంతి మీద చూపును రెండు సెకన్ల పైన కదలకుండా నిలుపుతారు, బంతి వెళ్లిపోయాక కూడా అదే చోట కాసేపు ఉంచుతారు. కొత్తవాళ్ల చూపు బంతికీ కప్పుకీ క్లబ్‌కీ మధ్య గెంతుతుంది. ఇది ఇవాళే మొదలుపెట్టొచ్చు. బంతి వెనకభాగంలో ఒక చుక్కను చూడండి, కొట్టాక అది ఉన్న చోట గడ్డినే చూస్తూ ఉండండి, కప్పులో పడ్డ చప్పుడు చెవితో వినండి.

రెండోది, అత్యాశ. కప్పు వెడల్పు 4.25 అంగుళాలే. ఎనిమిది అడుగులనుంచి టూర్ ఆటగాళ్లు వేసేది దాదాపు సగం. అదే దూరంనుంచి తప్పితే మనం మాత్రం ఘోరం జరిగినట్టు నెత్తి కొట్టుకుంటాం. ఆ చిరాకు తర్వాతి రెండడుగుల పట్ మీద పడుతుంది.

నాకు యిప్స్ వచ్చాయంటున్నారు. ధైర్యం తెచ్చుకుంటే పోతాయా?

ధైర్యంతో పోయేవైతే అందరికీ పోయేవే. చిన్న పట్ దగ్గర చెయ్యి తనంతట తాను ఝటుక్కున కుదుపుకోవడాన్ని యిప్స్ అంటారు. కొందరిలో అది భయం, కొందరిలో కండరాలను నడిపే నాడుల సమస్య, చాలామందిలో రెండూ కలిసి ఉంటాయి. జర్మనీ ఆటగాడు బెర్న్‌హార్డ్ లాంగర్‌కి కెరీర్‌లో పలుమార్లు వచ్చాయి. పటర్ (పట్ కొట్టే క్లబ్) పట్టుకునే తీరును మళ్లీ మళ్లీ మార్చుకుంటూ 1985లో, 1993లో మాస్టర్స్ గెలిచాడు. పట్టు మారితే చేతులకు పని కొత్తదవుతుంది, పాత కుదుపు కొన్నాళ్లు గుర్తురాదు. స్వింగ్ జోలికి పోనన్న ఈ పేజీలో ఇదొక్కటే మినహాయింపు.

స్కోరు గుర్తొస్తే చాలు ఆట చెడుతుంది. లెక్కపెట్టడం మానేయాలా?

మానలేరు. ‘ఇంకో మూడు పార్లు చేస్తే 85’ అని లోపలినుంచి ఎవరో చెబుతూనే ఉంటారు. వాదించకండి. ‘సరే, విన్నాను’ అని, గురి ఎక్కడో చూడండి. ఇంకో ఊరట కూడా ఉంది. ప్రపంచ హ్యాండిక్యాప్ విధానం (ఆటగాడి స్థాయిని అంకెలో చెప్పే పద్ధతి) మీ చివరి 20 స్కోర్లలో మేలైన 8 మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. అంటే 12 రౌండ్లు బాగా లేకపోవడం మామూలేనని ఆ విధానమే ఒప్పుకుంటోంది.

నాలుగు గంటలు ఏకాగ్రతగా ఉండటం ఎలా?

ఉండకండి. గీత దాటినప్పుడు వెలిగించి, క్లబ్ బ్యాగ్‌లో పెట్టగానే ఆర్పేయండి. మధ్యలో కబుర్లు చెప్పుకోండి, చెట్లు చూడండి. రౌండంతా భృకుటి ముడిచి నడిచేవాళ్లు పద్నాలుగో హోల్‌కి వాడిపోతారు.

తోటివాళ్ల సలహాలు, గొణుగుళ్లతో ఇబ్బందిగా ఉంటే?

‘రౌండు అయ్యాక చెప్పండి’ అనండి. పోటీ అయితే ఇంకా తేలిక, జట్టు ఆటలు కానప్పుడు అవతలివాళ్లకు సలహా ఇవ్వడమే రూల్స్‌కి విరుద్ధం.

ఇవన్నీ సాధన చేసేదెలా? రేంజ్‌లో టెన్షనే ఉండదు కదా?

అందుకే రేంజ్‌ని కొంచెం కష్టపెట్టాలి. ఒకే క్లబ్‌తో యాభై బంతులు బాదితే యాభయ్యోది అద్భుతంగా వెళ్తుంది, మర్నాడు కోర్సులో అది కనిపించదు. అక్కడ ఏ షాట్ అయినా ఒక్కసారే వస్తుంది, దాని ముందు ఇంకేదో క్లబ్ పట్టుకుని ఉంటారు. కాబట్టి బకెట్‌లో చివరి ఇరవై బంతులతో మీకు బాగా తెలిసిన కోర్సును రేంజ్‌లోనే ఆడండి. మొదటి హోల్‌కి డ్రైవర్, తర్వాత ఎంత దూరం మిగులుతుందో ఊహించి ఆ ఐరన్, ప్రతి బంతికీ పూర్తి రొటీన్‌తో. అలసట వస్తుంది. రావాలి కూడా.

పటింగ్‌కి మూడు బంతులు తీసుకెళ్లకండి, ఒకటి చాలు. తప్పితే వెళ్లి దాన్నే లోపల వేయండి. మూడడుగులనుంచి వరసగా పది పడేదాకా ఇంటికి వెళ్లకూడదని పెట్టుకోండి. తొమ్మిదో పట్ దగ్గర గుండె కొట్టుకోవడం మొదలవుతుంది, మనకు కావలసిన టెన్షన్ అదే. నేను ఒకరోజు చీకటిపడేదాకా తొమ్మిది దగ్గరే ఆగిపోయి, మాట తప్పి ఇంటికెళ్లిపోయాను.

ఎన్నాళ్లకు ఫలితం కనిపిస్తుంది?

రొటీన్ సహజంగా అనిపించడానికి నాకు ఒక సీజన్ పట్టింది. మొదటి నెల స్కోరు కాస్త పెరిగింది కూడా, రొటీన్ సరిగ్గా చేస్తున్నానా లేదా అన్నదే కొత్త బెంగ అయింది. అక్కడే చాలామంది వదిలేస్తారు.

స్పోర్ట్స్ సైకాలజిస్ట్ దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి?

రౌండు ముందురోజు నిద్ర పట్టకపోతున్నా, ఇష్టమైన ఆటకు వెళ్లాలంటే కడుపులో తిప్పుతున్నా, ఆ బెంగ ఇంట్లో, పనిలో కూడా వెంటాడుతున్నా ఆలస్యం చేయకండి. అది గోల్ఫ్ చిట్కాలతో తీరేది కాదు.

రేపే రౌండు ఉంది. ఒక్కటి చెప్పండి, చాలు.

స్కోర్‌కార్డులో మీ స్కోరు గడి పక్కన, ఆ హోల్‌లో ఏ గురీ తేల్చుకోకుండా కొట్టిన షాట్లకు ఒక్కో చుక్క పెట్టండి. బంతి ఎక్కడ పడిందన్నది లెక్కలోకి రాదు, నీళ్లలో పడినా గురి తేల్చుకుని కొట్టి ఉంటే చుక్క లేదు, తేల్చుకోకుండా కొట్టింది కప్పు పక్కన ఆగినా చుక్కే. నేను మొదటిసారి ఇలా చేసినప్పుడు 31 చుక్కలు వచ్చాయి.